‘అక్కడ’ అంటే ఎక్కడ?

“గడ్డ ఎక్కడమ్మా?” అని అడిగింది డాక్టరు.

“అక్కడ, మేడమ్.”

“అక్కడంటే?”

నేను జవాబు చెప్పలేదు. ఒళ్ళో ఉన్న బ్యాగుని ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాను. పక్కన అమ్మ గోడ మీద క్యాలెండరు వైపు చూస్తోంది. అప్పటికి నాకు ఇరవయ్యారేళ్ళు. తెలుగు ఎమ్మే చదివాను. స్త్రీవాద కవిత్వం మీద సెమినార్ పేపరు రాసి, ‘దేహ రాజకీయాలు’ అనే మాట పేజీకి రెండుసార్లు వాడాను. అంత రాసినదాన్ని, నా దేహంలో నొప్పి పెడుతున్న చోటు పేరు ఒక ఆడ డాక్టరు ముందు, తలుపు వేసున్న గదిలో చెప్పలేకపోయాను.

ఆ పేరు చెప్పకపోవడాన్ని మనం మర్యాద అనుకుంటాం. ఆ మర్యాద వల్ల మా ఇంట్లో మూడు తరాల ఆడవాళ్ళు నష్టపోయారు. అందరికంటే తక్కువ నష్టపోయింది నేనే కాబట్టి, చెప్పే బాధ్యత కూడా నాదే అనుకుంటున్నాను.

*

మొదట అది బఠాణీ గింజంత ఉండేది. హైదరాబాద్ హాస్టల్లో ఒకరోజు స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. నొప్పి లేదు. మూడు వారాల పాటు ప్రతి రాత్రీ దుప్పటి కింద ఫోన్ పెట్టుకుని వెతికాను. ఫోన్ నాకు మొదట క్యాన్సర్ అని చెప్పింది, తర్వాత సుఖవ్యాధి అని చెప్పింది. రెండోదానికే ఎక్కువ భయపడ్డాను. ఇప్పుడు తల్చుకుంటే నాకే ఆశ్చర్యం. చచ్చిపోతానేమోనన్న భయం కంటే, ఎవరైనా ఏదైనా అనుకుంటారేమోనన్న భయం పెద్దదయింది.

ధైర్యం చేసి ఒక క్లినిక్‌కి వెళ్ళాను. అక్కడ మొదటి ప్రశ్న “పెళ్ళయిందా?” లేదన్నాను. డాక్టరు పెన్ను ఆపి నా మొహం చూసింది. అంతే, పరీక్ష లేదు. బల్ల మీద పడుకోమనలేదు. అయిదు రోజులకి యాంటిబయాటిక్స్ రాసిచ్చి, “క్లీన్‌గా ఉండమ్మా” అంది. నేను శుభ్రంగా లేనని ఆమెకి ఎట్లా తెలిసిందో!

సంక్రాంతికి బిట్రగుంటలో రైలు దిగేసరికి గడ్డ నిమ్మకాయంత అయింది. కూర్చోలేను, నడవలేను. అమ్మకి చెప్పక తప్పలేదు.

“వేడి చేసుంటాది అమ్మణ్ణీ. సబ్జా గింజలు నానేస్తా తాగు. సున్నం బెల్లం పట్టేస్తే పగిలిపోతాది. నాయనకి తెలీనియ్యబాక. ఎవురికీ చెప్పబాక.”

సున్నం నేను వేసుకోలేదు, అదృష్టం. ఆ చోట చర్మం పల్చన, కాలిపోయేది. ఆ రాత్రి జ్వరం వచ్చింది. పొద్దున్నే అమ్మ, నేను నెల్లూరు వెళ్ళాం. ఆ రెండో డాక్టరే ‘అక్కడంటే?’ అని అడిగినామె. నేను చెప్పలేకపోతే విసుక్కోలేదు. కాగితం మీద బొమ్మ గీసి, పెన్ను నా చేతికిచ్చి “ఎక్కడో చుక్క పెట్టు” అంది. పెట్టాను. “బార్తోలిన్ గ్రంథి. చీము పట్టింది. పది నిమిషాల పని” అంది. అన్నట్టే అయింది. మత్తు సూది వేసి, చిన్న గాటు పెట్టి చీము తీసింది, మళ్ళీ మూసుకుపోకుండా సన్నటి గొట్టం పెట్టింది. రోజూ రెండుసార్లు గోరువెచ్చటి నీళ్ళ టబ్బులో కూర్చోమంది.

నెల రోజులు నిద్ర చంపుకున్న భయానికి పేరు దొరికాక మిగిలింది ఇంతే.

*

ఆ పేరేమిటో చదువుతున్న మీకూ తెలియాలి. మీలో సగం మందికి ఆ గ్రంథులు ఉన్నాయి.

యోని ద్వారానికి రెండు పక్కలా, గడియారం ముఖం అనుకుంటే నాలుగు, ఎనిమిది అంకెలు ఉండేచోట, బఠాణీ గింజంత గ్రంథులు రెండు ఉంటాయి. మామూలుగా చేతికి తగలవు. తడి ఊరడం వాటి పని. వాటి సన్నటి నాళం మూసుకుపోతే నీరు నిలిచి తిత్తిలా ఉబ్బుతుంది. నూటికి ఇద్దరు ఆడవాళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు ఇది వస్తుందని వైద్యుల అంచనా. ఇరవై, ముప్పై ఏళ్ళ వయసులో ఎక్కువ. నొప్పి లేకుండా చిన్నదిగా ఉంటే వదిలేయొచ్చు. చీము పడితే తీయాలి, అప్పుడు ఉత్త మాత్రలతో తగ్గడం కష్టం. ఇది రావడానికి పెళ్ళితో పనిలేదు. సుఖవ్యాధి క్రిములు కొన్నిసార్లు కారణం కావచ్చు, చాలాసార్లు మన పేగుల్లో ఉండే మామూలు క్రిములే కారణం. అందుకే చూడకుండా మాత్రలు రాయడం ఎంత తప్పో, చూడకుండా నడవడిక మీద తీర్పు చెప్పడమూ అంతే తప్పు.

అన్ని గడ్డలూ ఇదే కాదు. వెంట్రుక కుదుళ్ళు చీముపట్టి లేచే కురుపులుంటాయి, నూనె తిత్తులుంటాయి. హెచ్‌పీవీ వల్ల వచ్చే పులిపిర్లు ఉంటాయి. దగ్గినప్పుడు ఉబ్బే హెర్నియా ఉంటుంది. నిలబడితే బయటికొచ్చి పడుకుంటే లోపలికి పోయేది గర్భసంచి జారడం కావచ్చు. అరుదుగా క్యాన్సర్ ఉంటుంది. మానని పుండు, నెలల తరబడి తగ్గని దురద, రంగు మారిన చర్మం, నలభై దాటాక ఆ చోట కొత్తగా వచ్చిన గడ్డ ఉంటే ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి, అవసరమైతే ముక్క తీసి పరీక్ష చేయించాలి. వీటిలో ఎక్కువ భాగం ప్రాణం తీసేవి కావు. కానీ ఏది ఏదో కళ్ళతో చూస్తే తప్ప తెలియదు. చూడాలంటే చూపించాలి. చూపించాలంటే ముందు నోటితో చెప్పాలి.

*

చెప్పడానికి మాటలేవి? ఒకసారి లెక్కపెట్టాను.

మర్మాంగం అంటే రహస్యమైన అంగం. గుహ్యం అంటే దాచవలసినది. ‘మానం కప్పుకోడానికి గుడ్డ’ అన్నప్పుడు మానమంటే అదే, ‘మానం పోయింది’ అన్నప్పుడు మానమంటే పరువు. సిగ్గు కప్పుకోవడమూ అంతే. మన భాషలో ఆ అవయవం పేరూ, సిగ్గు పేరూ, కుటుంబ గౌరవం పేరూ ఒకటే. మిగిలినవి బూతులు. అవి మగవాళ్ళు కొట్లాటల్లో వాడుకుంటారు, డాక్టరు దగ్గర మనకి పనికిరావు.

ఇది మన రోగం మాత్రమే కాదు. లాటిన్‌లో ఆ చోటుని ‘పుడెండమ్’ అన్నారు, సిగ్గుపడవలసినది అని అర్థం. ప్రపంచ శరీరశాస్త్రజ్ఞుల అధికారిక పదజాలం నుంచి స్త్రీల విషయంలో ఆ మాట తీసేసింది 2019లోనే. నా గ్రంథికి పేరు కూడా నాది కాదు. 1677లో దాన్ని వర్ణించిన డెన్మార్క్ దేశస్థుడు కాస్పర్ బార్తోలిన్‌ది. అయినా నాకు ఆయన మీద కోపం లేదు. ఆయన కనీసం చూశాడు.

మనవాళ్ళు చూడలేదా? చూశారు. సుమారు 1,200 ఏళ్ళ కిందటి మాధవనిదానంలో ‘యోనికందం’ అని ఒక రోగం ఉంది. లకుచమనే పనసజాతి కాయలాంటి గడ్డ అని పోలిక కూడా చెప్పారు. పేరుంది, పోలికుంది, వాత పిత్త కఫాల లెక్కన రకాలున్నాయి. కారణాలు చూడండి: పగటినిద్ర, అతికోపం, అతిశ్రమ, అతిమైథునం, గోళ్ళూ పళ్ళూ చేసిన గాయాలు. గాయం సంగతి అటుంచితే, మిగతావన్నీ ఆమె చేసుకున్నవే. “క్లీన్‌గా ఉండమ్మా” అన్న డాక్టరు చదివింది ఏ సిలబస్ అయినా, ఆ మాట వెనక ఉన్న వాసన పాతదే.

మా పదో తరగతి జీవశాస్త్రం పుస్తకంలో స్త్రీ ప్రత్యుత్పత్తి వ్యవస్థ బొమ్మ ఉండేది. అండాశయాలు, నాళాలు, గర్భాశయం, ముఖద్వారం, యోని. బొమ్మ అక్కడితో ఆగిపోతుంది. బయటి భాగం లేదు. మనిషి చేతికి తగిలే, కంటికి కనిపించే, గడ్డలు లేచే భాగమే లేదు. ఆ లేనిదాన్ని కూడా మా సారు “మీరే చదువుకోండి” అని పేజీలు తిప్పేశాడు.

*

మా ఊరు పేర్లు పెట్టడం చేతకాని ఊరు కాదు. కావలికీ నెల్లూరికీ మధ్య ఉన్న బిట్రగుంట, ఆవిరి ఇంజన్ల కాలంలో లోకో షెడ్డుకి పేరుబడిన రైల్వే ఊరు. మా తాత అందులో ఫిట్టరు. బాయిలరు, ఫైర్‌బాక్సు, పిస్టను, ఇంజెక్టరు, వాల్వు... చదువు లేని మనిషి ఒక్కో భాగం ఇంగ్లీషు పేరుతో చెప్పేవాడు. ఇంజను ఊపిరి తీరు విని, ఏ వాల్వులోంచి ఆవిరి కారుతోందో చెప్పగలడని షెడ్డులో పేరు.

ఆయన పక్కన నలభై ఏళ్ళు కాపురం చేసిన మా అమ్మమ్మకి ఇరవై రెండేళ్ళ పాటు గర్భసంచి జారి ఉంది. ఆయనకి తెలియదు.

ఆరు కాన్పులు, అన్నీ ఇంట్లోనే. కాన్పయిన రెండో వారానికే నీళ్ళ బిందె ఎత్తేది. చివరి కాన్పు తర్వాత ‘కాయలాగా’ ఏదో కిందికి దిగింది. పాతచీర ముక్క మడతపెట్టి కట్టుకుని పనులు చేసుకుంది. దగ్గితే మూత్రం పడుతుందని నలుగురిలో కూర్చోవడం మానేసింది. కొండ బిట్రగుంట వెంకటేశ్వరస్వామి గుడికి ఏటా మెట్లెక్కి పోయే మనిషి, మోకాళ్ళ నొప్పులని చెప్పి మానేసింది. చివరికి మూత్రంలో చీముతో ఆస్పత్రిలో పడితే, నర్సు చూసి బయటికొచ్చి అమ్మని అడిగింది, “ఇన్నేళ్ళూ ఏం చేస్తున్నారమ్మా?” అని. అమ్మమ్మ అమ్మతో చెప్పిన మాట ఒక్కటే: “నా పాపం అనుకున్యా మే. ఎవురికని చెప్పేది?”

ఇంట్లో గేదె ఉండేది. దానికి ఈనాక మెయ్య దిగితే తాత వీధిలో నిలబడి కేకలేసి పశువుల డాక్టర్ని పిలిపించాడు. ‘మెయ్య దిగింది’ అనే మాట మగాళ్ళందరి నోళ్ళలోనూ ఉంది. గేదెకి దొరికిన మాట అమ్మమ్మకి దొరకలేదు. గర్భసంచి మొదట్లో కొద్దిగా జారినప్పుడే కటి కండరాల వ్యాయామాలు చేస్తే ఉపశమనం ఉంటుంది. బయటికొచ్చేదాన్ని పైకి పట్టి ఉంచడానికి యోనిలో పెట్టే చిన్న రింగు, పెస్సరీ, ఉంది. కోత లేదు, పెద్ద ఖర్చు లేదు. ఆ రింగు సంగతి నేను చదివేసరికి ఆమె పోయి నాలుగేళ్ళు.

*

మౌనం ఒకవైపు ఇట్లా ఇరవై ఏళ్ళు మోయిస్తుంది. ఇంకోవైపు ఏం చేస్తుందో మా పిన్నిని చూస్తే తెలుస్తుంది.

పిన్నికి ముప్పై నాలుగేళ్ళప్పుడు, కింద ఒక పక్క వాపు, బరువు. ఒక ప్రైవేటు ఆస్పత్రికి వెళ్ళింది. “కింద బాగాలేదు” అని చెప్పింది. ఆమెకున్న భాష అంతే. వాళ్ళు ‘కింద’ని గర్భసంచి అనుకున్నారు, లేదా అనుకోవడం వాళ్ళకి లాభం. స్కానింగ్ తీశారు. “గర్భసంచికి పుండుంది, తీసెయ్యకపోతే క్యాన్సర్ అవుతుంది” అన్నారు. ఇద్దరు పిల్లలున్నారు, ఇంకెందుకు అని ఇంట్లో అందరూ అన్నారు. తీసేశారు, అండాశయాలతో సహా.

ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక గడ్డ అక్కడే ఉంది!

అది బయట ఉన్న తిత్తి. గర్భసంచికి దానికి సంబంధమే లేదు. తర్వాత ఇంకోచోట పది నిమిషాల్లో తీశారు, నాకు తీసినట్టే. కానీ పిన్నికి ముప్పై నాలుగేళ్ళకే ముట్లు ఆగిపోయాయి. ఒంట్లో ఆవిర్లు, నిద్ర లేకపోవడం, కీళ్ళ నొప్పులు. ఇప్పుడు ఎముకలు పెళుసుబారాయంటున్నారు.

ఇది మా పిన్ని దురదృష్టం మాత్రమే అయితే ఇంత రాసేదాన్ని కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు 3.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.7 శాతం, తెలంగాణలో 8.2 శాతం. దేశంలో మొదటి రెండు స్థానాలూ తెలుగువాళ్ళవే. 2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక ప్రైవేటు ఆస్పత్రుల్లో ఈ ఆపరేషన్లు విచ్చలవిడిగా జరుగుతున్నాయని గొడవైతే, ఆ పథకం కింద వీటిని ప్రభుత్వ ఆస్పత్రులకే పరిమితం చేయాల్సొచ్చింది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అనవసరపు ఆపరేషన్ల మీద వేసిన కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, వీటిని అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది.

డబ్బాశ కారణం, నిజమే. పొలం పనుల్లో, కూలి పనుల్లో ముట్టు ఒక అడ్డంకి కావడమూ కారణమే. కానీ ఆ ఆశకి దారి సులువు చేసింది మన భాష. ‘కింద’, ‘అక్కడ’, ‘లోపల’ అనే మూడు మాటలతో ఆస్పత్రి మెట్లెక్కే మనిషికి ఏ జబ్బైనా అంటగట్టొచ్చు, ఏ అవయవాన్నైనా తీసేయొచ్చు. చూడ్డానికి అందరికీ సిగ్గు. కొయ్యడానికి మాత్రం ఎవరికీ లేదు.

*

ఇక మన సంగతి. ఇది చదివేవాళ్ళ సంగతి, రాసేవాళ్ళ సంగతి.

తెలుగు స్త్రీవాదం ఈ విషయంలో ఏమీ చేయలేదనడం అన్యాయం. ఓల్గా సంపాదకత్వంలో ‘నీలిమేఘాలు’ 1993లో వచ్చింది. కాన్పు, గర్భస్రావం, వంటిల్లు, పడకగది తెలుగు కవిత్వంలోకి వచ్చాయి, వాటి మీద జరిగిన దాడిని ఆ కవయిత్రులు తట్టుకున్నారు. ఆ రోజుల్లోనే హైదరాబాద్ మహిళలు కొందరు కూర్చుని ‘సవాలక్ష సందేహాలు’ అనే ఆరోగ్య పుస్తకం తయారుచేశారు. కవిత్వం రాసే గదికి, ముట్టు గురించి మాట్లాడే గదికి మధ్య అప్పుడు తలుపు తెరిచి ఉంది.

ఆ తలుపు మనం మూసేశాం. ఇవాళ మన కవితల్లో యోని దండిగా ఉంది. అది గుహ, అగ్నిగుండం, భూమి, దేవత, నెత్తుటి పువ్వు. ఆ యోనికి దురద రాదు, గడ్డ లేవదు. దాన్ని రాసిన మనం జ్వరమొస్తే ‘అక్కడ, మేడమ్’ అంటాం. నేను అన్నాను కాబట్టి చెబుతున్నాను. ప్రతీక చేసుకున్నంత మాత్రాన ఒక అవయవం మనది అయిపోదు.

వైద్యం సాహిత్యం పని కాదంటారు కొందరు. మందు చెప్పడం మన పని కాదు, ఒప్పుకుంటాను. మాట చెప్పడం మాత్రం మన పనే. ఇంకొందరు ఇంగ్లీషు ఉంది కదా అంటారు. నాకూ ఇంగ్లీషు వచ్చు. ఆ గదిలో అదీ నోట్లోంచి రాలేదు. పైగా అమ్మకి, పిన్నికి రాదు. కొత్త తెలుగు మాట పుట్టిద్దామనేవాళ్ళూ ఉన్నారు. అక్కర్లేదు. థైరాయిడ్‌ని, బీపీని, షుగర్‌ని తెలుగు చేసుకున్నాం. లోపలి దారికి ‘యోని’ ఉంది, బయటి భాగానికి ‘వల్వా’ అందాం. నాలుగుసార్లు అంటే అదీ తెలుగే అవుతుంది.

మాటకి అంత బలముందా అనే అనుమానం మా జిల్లావాళ్ళకి రాకూడదు. బిట్రగుంట ఉన్న నెల్లూరు జిల్లాలోనే దూబగుంట ఉంది. అక్షరదీపం బడుల్లో ఆడవాళ్ళు చదువుకున్న వాచకంలో, తాగుబోతు మొగుడి చేతిలో నలిగిన ‘సీతమ్మ కథ’ అనే పాఠం ఉండేది. తమ ఇంటి గుట్టు అనుకున్నది అచ్చులో కనబడింది. ఒకరు నోరు తెరిస్తే పక్కావిడ కూడా తెరిచింది. తర్వాత సారా దుకాణాలు మూతపడ్డాయి, 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఒక పాఠం ఒంటరిగా ఆ పని చేయలేదు, కానీ పాఠం లేకుండా మొదలయ్యేదీ కాదు.

అట్లాంటి పాఠం ఇంకొకటి కావాలి. పదో తరగతి పుస్తకంలో బొమ్మ ఇంకో అంగుళం కిందికి గీయాలి, సారు ఆ పేజీ తిప్పేయకూడదు. ఊళ్ళో ఆశా కార్యకర్త చేతిలో ఆ బొమ్మ ఉండాలి, మా డాక్టరు ఇచ్చినట్టు పెన్ను కూడా ఉండాలి. ఏ డాక్టరూ పెళ్ళి గురించి అడిగేముందు గడ్డ చూడాలి. గర్భసంచి తీయాలన్నవాళ్ళని ‘ఎందుకు, వేరే దారి లేదా’ అని అడగడం, ఇంకో డాక్టరుకి చూపించుకోవడం మర్యాద తక్కువేమీ కాదని ఇళ్ళల్లో తెలియాలి. కథలు రాసేవాళ్ళం, ఒక కథలోనైనా ఒక మామూలు ఆడమనిషి చేత, ఏడుపు లేకుండా, ఆ మాట మామూలుగా అనిపించాలి.

నేను ఇంట్లో మొదలుపెట్టాను. మొదట్లో నేను ఆ మాట అంటే అమ్మ “ఛీ, మెల్లిగా” అని వంటింట్లోకి పోయేది. తర్వాత ‘ఛీ’ పోయి ‘మెల్లిగా’ మిగిలింది.

పోయిన నెల ఫోన్ చేసింది. ఊరి కబుర్లన్నీ అయ్యాక గొంతు తగ్గించింది. “మన పక్కింటి కోడలికి గడ్డ లేచిందంట అమ్మణ్ణీ. వాళ్ళత్త సున్నం పెట్టమంటా ఉండాది. నేనే వద్దన్యా. యోని పక్కన, ఎడంవైపు. నువ్వు చూపించుకున్న డాక్టరమ్మ ఏ రోజుల్లో ఉంటాదో కాస్త కనుక్కో.”